తెరపై వేలి కదలిక: ఇట్టే తట్టేదా, కొత్త ఆవిష్కరణా?

తాకే తెర ఉన్న ఫోన్ జేబులో తనంతట తానే పనిచేయడం మొదలుపెడితే చిక్కే. తెరపై ఒక బొమ్మను చూపి, దానిని వేలితో పక్కకు జరిపితేనే తాళం తెరుచుకునే ఏర్పాటును ఆపిల్ సంస్థ 2007లో ఐఫోన్‌తో ప్రదర్శించింది. నేడు అందులో పసిపిల్లలకు కూడా వింత కనిపించదు. అయితే పేటెంటు చట్టం అడిగేది నేటి సంగతి కాదు. దరఖాస్తు దాఖలైన 2005 డిసెంబరు నాటికి, ఆ రంగంలోని సాధారణ నిపుణుడికి ఈ ఆలోచన ఇట్టే తట్టేదా అన్నదే ప్రశ్న. తట్టేదైతే పేటెంటు చెల్లదు.

అమెరికాలో శాంసంగ్‌తో సాగిన వ్యాజ్యంలో రెండు పాత ఆధారాలు ముందుకు వచ్చాయి. స్వీడన్‌కు చెందిన నియోనోడ్ ఫోన్‌లో వేలిని కుడివైపు జరిపితే తాళం తెరుచుకునేది. కానీ వేలి వెంట కదిలే బొమ్మ లేదు. 1992 నాటి ఒక పరిశోధనలో వేలితో జరిపే మీట బొమ్మ ఉంది; కానీ అది గోడకు అమర్చే తెర కోసం ఉద్దేశించినది. ఫోన్ రూపకర్త గోడ తెర వైపు ఎందుకు చూస్తాడు? వివాదమంతా ఇక్కడే ఉంది.

2014లో జ్యూరీ ఆపిల్ పక్షాన నిలిచింది. 2016 ఫిబ్రవరిలో ముగ్గురు అప్పీలు న్యాయమూర్తులు పేటెంటు చెల్లదన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఆ కోర్టు విస్తృత ధర్మాసనం ఆ తీర్పును తిరగదోడింది. నిపుణుల ప్రశంసలు, పోటీదారు అనుకరించినట్లు చూపే పత్రాలు కూడా సాక్ష్యమేనని చెప్పింది. బ్రిటన్ హైకోర్టు 2012లో, జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2015లో ఇదే ఏర్పాటుకు రక్షణ నిరాకరించడం గమనార్హం. విడుపు తెలిశాక పొడుపుకథ ఎవరికైనా తేలికే. ఆ తేలికతనాన్ని పక్కనపెట్టి తీర్పు చెప్పడం ఎంత కష్టమో ఈ భేదమే చాటుతోంది.

మన పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 2(1)(జెఏ) ప్రకారం ఆవిష్కరణలో అప్పటికే ఉన్న జ్ఞానం కంటే సాంకేతిక పురోగతి గానీ, ఆర్థిక ప్రాధాన్యం గానీ, లేదా రెండూ ఉండాలి. పైగా నిపుణుడికి ఇట్టే తట్టేది కాకూడదు. పనివాడు సహజంగా చేసుకునే చిన్న మెరుగు చాలదని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. అది పాత్రల తయారీలో వాడే సాధనానికి సంబంధించిన కేసు. నేటి డిస్‌ప్లేలకూ అదే గీటురాయి. పేటెంటు కార్యాలయం తొలి పరీక్ష నివేదికలో ఈ అభ్యంతరం లేవనెత్తితే, పాత జ్ఞానానికీ తన ఆవిష్కరణకూ మధ్య ఉన్న దూరాన్ని దరఖాస్తుదారు సాధారణంగా ఆరు నెలల్లోగా వివరించవలసి ఉంటుంది.