గంజాయి: జర్మనీ చట్టము, మన తోటల కథ

మన సంఘపు పిల్లలు కొందరు చదువుల కొరకు, ఉద్యోగాల కొరకు జర్మనీ వెళుతున్నారు. "అక్కడ గంజాయికి అడ్డే లేదటగా, మాస్టారూ?" అని మా శనివారపు తెలుగు తరగతిలో ఒక అబ్బాయి అడిగినాడు. వెనుక కూర్చున్న వాళ్ళ అమ్మగారి ముఖము చిన్నబోయినది. అబ్బాయి మాటలో కొంత నిజము, కొంత వదంతి ఉన్నవి. రెండింటినీ వేరు చేసి చెప్పుదామని ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

ముందుగా మన ఇంటి సంగతి. 1860 నవంబరు 16న "ట్రూరో" ఓడ మద్రాసు నుండి డర్బను రేవు చేరినది. గిర్మిట్టు మీద వచ్చిన మన పెద్దలకు గంజాయి కొత్తది కాదు. ఇక్కడి జూలూ ప్రజలకు కూడా "ఇన్సంగు" పేరుతో అది పాతదే. తోట దొరలకు మాత్రము కూలీ పని మందగించునేమో అని దిగులు. 1870లో నేటాల్ ప్రభుత్వము చేసిన కూలీ చట్టములో ఒక నిబంధన పెట్టినారు. కూలీలు ఈ మొక్కలో ఏ భాగమునూ పీల్చరాదు, దగ్గర ఉంచుకొనరాదు. వారికి ఎవరూ అమ్మరాదు, ఊరకనైనా ఇవ్వరాదు. ఆ నిబంధన వ్రాసినది మనవారి కొరకే. ఈ సంగతి మన పిల్లల చరిత్ర పుస్తకాలలో మాకు కనబడలేదు.

కథ అక్కడ ఆగలేదు. 1923లో దక్షిణ ఆఫ్రికా ప్రభుత్వము ఈ మొక్కను ప్రమాదకరమైన మత్తు పదార్థాలలో చేర్చమని నానాజాతి సమితికి వ్రాసినది. 1925లో జెనీవా మహాసభలో ఈజిప్టు ప్రతినిధి గట్టిగా పట్టుబట్టగా, "ఇండియన్ హెంప్" అనే పేరుతో అది అంతర్జాతీయ ఒప్పందములో చేరినది. ఆ ఒప్పందము ప్రకారము జర్మనీ 1929 నాటి నల్లమందు చట్టములో దానిని చేర్చుకొన్నది. మన చెరకు తోటలలో మొదలైన అడ్డు వంటిదే అరువది ఏండ్ల తరువాత బెర్లినుకు చేరినది.

ఇక మొక్క సంగతి. ఇందులో ముఖ్యముగా రెండు పదార్థాలు. మత్తు కలిగించేది టీ.హెచ్.సీ. దానిని 1964లో ఇజ్రాయెలులో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావోని విడదీసి చూపినారు. రెండవది సీ.బీ.డీ.; అది అటువంటి మత్తు ఇవ్వదు. 1992లో మెషూలం బృందమువారు మన మెదడులోనే తయారయ్యే ఇటువంటి పదార్థమును ఒకదానిని కనుగొని, "ఆనందమైడ్" అని పేరు పెట్టినారు. ఆ పేరు మన "ఆనంద" శబ్దమే! తరగతిలో ఇది చెప్పగానే పిల్లలందరూ నవ్వినారు.

జర్మనీలో వైద్యము ఒక దారి, వినోదము మరొక దారి. 2017 మార్చి నుండి తీవ్రమైన జబ్బులకు వైద్యులు గంజాయి మందును చీటీ మీద వ్రాయవచ్చును. కీమోథెరపీ వలన వచ్చే వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బులో కండరాల బిగుతుకు, కొన్ని మొండి నొప్పులకు వాడుతున్నారు. పిల్లలలో వచ్చే కొన్ని అరుదైన మూర్ఛలకు సీ.బీ.డీ. మందు ఉన్నది. సర్వరోగ నివారిణి అని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు.

వినోదపు వాడకము 2024 ఏప్రిల్ 1న వచ్చిన చట్టముతో మొదలైనది. 18 ఏండ్లు నిండినవారు బయట 25 గ్రాములు, ఇంటిలో 50 గ్రాముల వరకు ఉంచుకొనవచ్చును. మూడు మొక్కలు పెంచుకొనవచ్చును. అంగడిలో అమ్మకము లేదు. ఐదువందల మందికి మించని సంఘాలు పెంచి తమ సభ్యులకే పంచుకొంటాయి. సభ్యుడు కావాలంటే ఆ దేశములో కనీసము ఆరు నెలలు నివసించి ఉండాలి. కనుక విహారయాత్రకు వెళ్ళినవారికి ఆ తలుపు మూసినట్లే. బడులు, ఆటస్థలాల దగ్గర పీల్చరాదు. వీధిలో అమ్మడము నేరమే. ఈ చట్టము మంచిదా కాదా అని అక్కడివారే ఇంకా వాదించుకొంటున్నారు.

మాకు దిగులు కలిగించేది వయసు. మెదడు ఇరువది ఐదేండ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. చిన్న వయసులోనే ఎక్కువగా పీల్చినవారిలో మతిభ్రమణము వచ్చే అవకాశము పెరుగునని వైద్యులు చెబుతున్నారు. వాహనము నడిపేవారికి రక్తపు సీరములో మిల్లీలీటరుకు 3.5 నానోగ్రాములు హద్దు. 21 ఏండ్ల లోపువారికి ఆ కొంచెము కూడా కూడదు.

మన దేశములో 2018 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానము పెద్దలు తమ ఇంటిలో వాడుకొనుట నేరము కాదని తీర్పు ఇచ్చినది. ఇక్కడ తప్పు కాదు, అక్కడా తప్పు కాదు అని పెట్టెలో వేసుకొని విమానము ఎక్కకూడదు. సరిహద్దు దాటించుట రెండు దేశాలలోనూ నేరమే.

తరగతి అయిన తరువాత ఆ అమ్మగారు మా దగ్గరకు వచ్చి, తన అత్తగారి మోకాళ్ళ నొప్పులకు ఈ మందు పనిచేస్తుందా అని మెల్లగా అడిగినారు. డాక్టరుగారిని అడగమని చెప్పినాము.