పెరడు పోయింది, జాడీ మిగిలింది

కార్తీకమాసంలో ఉసిరికాయలు బజారుకు రాగానే మా వైద్యశాలకు వచ్చే గృహిణులు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది. "వైద్యులుగారూ, ఉసిరి అంతటి ఔషధం లేదంటారు గదా! మావారికి రక్తపోటు ఉంది. ఉసిరికాయ పచ్చడి పెట్టవచ్చునా?" అవుననో, కాదనో ఒక్కమాటలో చెప్పి పంపడానికి వీలులేని ప్రశ్న ఇది. దీనికి సమాధానాన్ని నేను గ్రంథాలలో చదివినా, వంటబట్టించుకున్నది మాత్రం స్వానుభవం వల్లనే.

మా స్వగ్రామం కోనసీమలోనిది. ఇంటి వెనుక విశాలమైన పెరడు ఉండేది. నూతి చప్టా పక్కన బచ్చలి తీగ, పందిరిమీద బీర, ఆనప, పొట్ల పాదులు, స్నానాల నీరు పారేచోట అరటి, కంద, గోడవారగా కరివేప, నిమ్మ, దబ్బ, మూలగా ఒక పెద్ద ఉసిరి చెట్టు. మా అమ్మగారు కార్తీకంలో ఉసిరి, సంక్రాంతి వెళ్లేలోపల చింతకాయ, ఎండలు ముదిరాక ఆవకాయ, మాగాయ జాడీలకెత్తేవారు. ఆమె నల్ల ఉసిరి పచ్చడి పెట్టే పద్ధతిని నేటి గృహిణులకోసం వివరంగా వ్రాస్తున్నాను.

గట్టి కాయలను కడిగి, పొడిబట్టతో తుడిచి, తడి ఏమాత్రం లేకుండా నీడన ఆరనివ్వాలి. కిలో కాయలకు రెండువందల గ్రాముల కల్లుప్పు, రెండు చెంచాల పసుపు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, జాడీలో అదిమి, వాసెన కట్టి ఉంచాలి. మూడవనాడు తీసి, గింజలు ఏరివేసి, మళ్లీ మెత్తగా దంచి జాడీకెత్తాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలను దీని దరిదాపులకు రానీయకూడదు. పులుపుకు ఆ లోహాలు కరిగి పచ్చడిలో కలుస్తాయి. కాలం గడిచినకొద్దీ పచ్చడి నల్లబడుతుంది. అది దోషం కాదు. కావలసినప్పుడు కొంచెం తీసి, నువ్వులనూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిరప, ఇంగువలతో తిరగమోత పెట్టుకోవాలి.

ఉసిరికి షడ్రసాలలో లవణం తప్ప మిగిలిన అయిదు రసాలూ ఉన్నవని శాస్త్రం. ఆ లేని ఒక్క రసాన్నీ మనం జాడీలో కలుపుతున్నాం. చిక్కంతా అక్కడనే ఉన్నది. చరకాచార్యులు సూత్రస్థానంలోని మాత్రాశితీయాధ్యాయంలో నిత్యం సేవించదగిన పదార్థాలలో ఉసిరికనూ, సైంధవ లవణాన్నీ కూడా చేర్చారు. ఆ అధ్యాయం పేరులోనే మాత్ర, అనగా పరిమాణం, ఉన్నదని పాఠకులు గమనించాలి. విమానస్థానం మొదటి అధ్యాయంలోనేమో పిప్పలి, క్షారం, లవణం ఈ మూడింటినీ అతిగా వాడరాదని శాసించారు. పాలలో సైతం ఉప్పు కలుపుకొనే సౌరాష్ట్ర, బాహ్లికాది దేశాలవారు శిథిలమైన మాంసరక్తాలు కలిగి, శ్రమకు ఓర్వలేనివారై ఉంటారని ఉదాహరించారు కూడా. గురువుగారి ఇంట ఉండి ఈ పాఠం చెప్పించుకున్నవాణ్ణి నేను. అయినా మరచాను.

2013లో అన్నదమ్ముల పంపకాలు జరిగి, పెరడు ఇళ్ల స్థలాలైపోయింది. నేను పట్నంలో మూడవ అంతస్తులోని వాటాకు మారాను. జాడీలు మాత్రం వెంట వచ్చాయి; ఖాళీ అయినవాటిని మా మరదలు ఏటా నింపి పంపేది. పెరడున్న రోజుల్లో విస్తట్లో ఆకుకూర పప్పు, రెండు కూరలు ఉండగా, మొదటి ముద్దకు ఉసిరిగింజంత పచ్చడి నేతితో కలుపుకొనేవాళ్లం. పట్నంలో కూర కొరవడినప్పుడల్లా పచ్చడే కూరయింది. 2016లో ఒకనాడు తల తిరిగి రోగుల ఎదుటనే కూలబడ్డాను. చూస్తే రక్తపోటు నూటడెబ్భై, నూరు!

ఆ సాయంత్రం నేను రోజూ వేసుకొనే పచ్చడిని మందుల త్రాసులో తూచాను. రెండు పూటలకు కలిపి నలభై గ్రాములు తేలింది. అందులో ఇంచుమించు అయిదవ వంతు ఉప్పే, అనగా సుమారు ఎనిమిది గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి అయిదు గ్రాములలోపు ఉప్పు మేలని చెబుతున్నది. చారులో, పప్పులో వేసినది ఇంకా లెక్కకు రానేలేదు.

సైంధవ లవణంతో పెడితే దోషం లేదనుకొనేవారు చాలామంది. అది కూడా ప్రధానంగా సోడియమే. రక్తపోటుకు ఆ భేదం తెలియదు. మరికొందరు జాడీలోనే ఉప్పు సగానికి తగ్గిస్తారు. అలా చేస్తే పచ్చడి బూజుపట్టి మొదటికే మోసం వస్తుంది. ఉప్పే దానిని ఏడాది నిలిపేది. కనుక తగ్గించవలసినది కంచంలో. రక్తపోటు, మూత్రపిండ వ్యాధి, కాళ్ల వాపు ఉన్నవారు నిలవ పచ్చడిని పూర్తిగా మానడం మంచిది. వారికి తాజా ఉసిరికాయను ఉప్పులేకుండా పప్పులో ఉడికించి పెట్టవచ్చు. లేదా కాయను ఉడికించి, ముక్కలుచేసి, ఉప్పు చల్లకుండా గలగలలాడేటట్లు ఎండబెట్టి వరుగు చేసుకోవచ్చు. ఆకుకూరలలోని పొటాషియం ఉప్పు చేసే కీడును కొంత తగ్గిస్తుంది గాని, మూత్రపిండాలు చెడినవారు ఆకుకూరల మోతాదును కూడా వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. రక్తపోటు మాత్రలు వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి వాటిని ఆపకూడదు. నేనూ ఆపలేదు.

పెరడు లేకపోయినా ఎండ తగిలే వసారా ఉంటే చాలు. బచ్చలి కాడను తొట్టిలో గుచ్చితే తీగ సాగుతుంది. తోటకూర విత్తనం చల్లిన నెలలోపునే కోతకు వస్తుంది. మెంతికూర అంతకంటె ముందే. మా ఇంట ఇప్పుడు తొమ్మిది తొట్లున్నవి. మరదలు పంపే జాడీలు మూడునుంచి ఒకటికి తగ్గాయి. ఆ ఒక్కదానికీ మా ఆవిడ పాత గరిటె తీసివేసి, నేను చూర్ణాలు కొలిచే చిన్న చెంచా వేసింది. నా కంచంలోకి వచ్చేది వారానికి రెండుమార్లు, అందులో సగం.