ప్రజల ఆస్తి అయిన పుస్తకాలు

పుస్తకాల ధరలు పాఠకుణ్ణి సాహిత్యానికి దూరం చేస్తున్నాయని మనం సభల్లో తరచు అంటున్నాం. బతికివున్న రచయితల పుస్తకాలను పీడీఎఫ్‌లుగా ఫోన్లలో పంచిపెట్టి, అదే సాహిత్యసేవ అనుకునేవారూ మనలోనే ఉన్నారు. రచన కూడా శ్రమేనని నమ్మేవాళ్లం ఈ రెండో ధోరణిని సమర్థించలేం. ఎవరి శ్రమనూ దోచుకోకుండా ఈ-రీడర్‌లో ఉచితంగా చదువుకోగల పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిని గుర్తించే పద్ధతి తెలుసుకోవాలి.

దీనికి మూలం కాపీరైటు గడువు. మన 1957 చట్టం ప్రకారం రచయిత జీవితకాలమంతా, మరణించిన మరుసటి ఏడాది మొదలు మరో 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. మొదట ఇది 50 ఏళ్లే. 1941లో మరణించిన టాగూర్ రచనల గడువు 1991తో ముగియబోతుండగా 60కి పెంచారు. గడువు తీరిన రచన ప్రజల ఆస్తి. దాన్ని ఎవరైనా చదవవచ్చు, అచ్చువేయవచ్చు, పంచవచ్చు.

గురజాడ (మరణం 1915), వీరేశలింగం (1919) ఏనాడో ప్రజలపరమయ్యారు. 'మాలపల్లి' కర్త ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో మరణించారు. కనుక ఒకప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన ఆ నవల 2019 జనవరి నుంచి అందరిదీ. 1961లో కన్నుమూసిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, వట్టికోట ఆళ్వారుస్వామి తమ జీవితకాలంలో ప్రకటించిన రచనలు 2022 జనవరిలో ఈ కోవలో చేరాయి. జాషువా (1971) కోసం 2032 వరకు, చలం (1979) కోసం 2040 వరకు, శ్రీశ్రీ (1983) కోసం 2044 వరకు ఆగాలి. అంతవరకు వాటిని కొనుక్కోవాలి, లేదా గ్రంథాలయంలో చదువుకోవాలి.

ఒక మెలిక ఉన్నది. అనువాదానికి హక్కు వేరు. గోర్కీ 1936లో మరణించినా, ఆయన 'అమ్మ' తెలుగు అనువాదం స్వేచ్ఛగా దొరకాలంటే అనువాదకుని గడువు కూడా తీరాలి. పాత పుస్తకానికి ఇటీవల చేర్చిన పీఠికకూ, వ్యాఖ్యకూ ఇదే న్యాయం.

ఇక దొరికే చోట్లు. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు పాత ముద్రణల పుటలను చూస్తూ పాఠాన్ని టైపు చేసి, దిద్ది ఉంచారు. అక్కడి పుస్తకాలను ఈపబ్ రూపంలో దింపుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు గ్రంథాలు విస్తారంగా ఉన్నాయి. అయితే అక్కడ ఉన్నంతమాత్రాన హక్కు తీరినట్టు కాదు. రచయిత మరణించిన సంవత్సరం మనమే చూసుకోవాలి. ఇంగ్లీషు పుస్తకాలకు 1971లో మైకేల్ హార్ట్ ప్రారంభించిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఉన్నది. అందులో 70 వేలకు పైగా పుస్తకాలున్నాయి. అది అమెరికా చట్టాన్ని అనుసరిస్తుంది కనుక మన గడువుతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఈ-రీడర్ చిన్న తెర మీద స్కాన్ పీడీఎఫ్ చదవడం కష్టం. అది పుట బొమ్మ మాత్రమే. అక్షరం పెంచితే పంక్తి తెర దాటిపోతుంది. ఈపబ్‌లో అక్షరం ఎంత పెంచినా పంక్తులు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. కిండిల్‌కు కూడా 2022 నుంచి ఈపబ్‌ను పంపుకోవచ్చు.

అయినా విమర్శకునికి స్కాన్ ప్రతి అవసరమే. 'కన్యాశుల్కం' 1897లో ఒక రూపంలో, 1909లో బాగా మారిన మరొక రూపంలో వెలువడింది. ఏ ముద్రణో తెలియని పాఠాన్ని పట్టుకుని గురజాడ దృక్పథం గురించి తీర్మానాలు చేయలేం. ఈపబ్‌లో చదివి, ఉదహరించేముందు స్కాన్ పుటతో పోల్చుకోవాలని విద్యార్థులకు నా సలహా. గైడుపుస్తకాల్లోని కథాసంగ్రహాలతో సరిపెట్టుకునే మన చదువులకు ఇంతకంటె మంచి మందు నాకు కనిపించడం లేదు.

ఈ ఆస్తి దానంతట అది పెరగదు. వికీసోర్స్‌లో దిద్దవలసిన పుటలు ఇంకా ఎన్నో మిగిలి ఉన్నాయి. సాహిత్య విద్యార్థులు రోజుకు ఒక పుట దిద్దినా మేలే. తమ పుస్తకాలు అందరికీ అందాలనుకునే నేటి రచయితలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వాటిని విడుదల చేయవచ్చు. అలా ఇవ్వని రచయిత పుస్తకాన్ని కొని చదవడం పాఠకుని బాధ్యత.