ఆశువు వెనక అభ్యాసం: బ్లూస్ గిటారు నేర్పిన పాఠం

ఆశువుగా పలికే కళ గురించి మనలో ఒక అపోహ ఉంది. అప్పటికప్పుడు పుట్టింది గనక దాని వెనక శ్రమ లేదనుకుంటాం, అది పుట్టుకతో రావలసిందే అనేస్తాం. ఇరవై ఏళ్లుగా తరగతిలో నేనూ ఈ మాటే చెబుతూ వచ్చాను. మూడేళ్ల కింద ఒక పాత గిటారు కొని, అమెరికా నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టాక ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఎందుకో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్లూస్ ఏ నేల మీద పుట్టిందో ముందు చూడాలి. 1865లో అమెరికా రాజ్యాంగం బానిసత్వాన్ని రద్దు చేసింది గాని, భూమిని పంచలేదు. మిసిసిపీ డెల్టా పత్తిచేలల్లో నిన్నటి బానిసలే పాలుకు సేద్యం చేసే రైతులయ్యారు. విత్తనానికీ తిండికీ భూస్వామి దగ్గరే అప్పు. ఏడాది చివర లెక్క చూస్తే చాలామందికి మిగిలేది ఆ అప్పే. బ్లూస్ వాళ్ల పాట. వాద్యం కూడా చేతికందిన వస్తువుల నుంచే వచ్చింది. పిల్లలు చీపురుకు చుట్టిన తీగ ఊడదీసి, గోడకు మేకులతో బిగించి, దాని మీద సీసా జార్చి వాయించేవారు. 1903 ప్రాంతంలో టట్‌వైలర్ రైలుస్టేషనులో ఒక నల్లవాడు గిటారు తీగల మీద చాకు ఆనించి వాయించడం విన్నానని డబ్ల్యు. సి. హ్యాండీ తన ఆత్మకథలో రాశాడు. ఆ వాయించినవాడి పేరు చరిత్రకు తెలియదు. తర్వాత చాలామంది, నునుపు చేసిన సీసా మెడను వేలికి తొడిగారు. దీన్నే స్లైడ్ అంటారు. మన గోటువాద్యం విన్నవారికి ఈ జారుడు కొత్తగా ఉండదు.

వాయించే తీరు ఇది. గిటారు ఆరు తీగలనూ కింది స్థాయి నుంచి ప, స, ప, స, గ, ప అనే వరసలో శ్రుతి చేస్తారు. ఇక్కడ గ అంటే అంతర గాంధారం. ఉత్తి తీగలు మీటితేనే షడ్జమం ఆధారంగా స్వరమేళం పలుకుతుంది. సీసా మెడను అయిదో మెట్టు మీద అడ్డంగా ఆనిస్తే ఆ మేళం మధ్యమానికీ, ఏడో మెట్టు మీద ఆనిస్తే పంచమానికీ మారుతుంది. బ్లూస్‌కు కావలసిన మూడు ఆధారాలూ ఇవే. తీగను అదమకూడదు, తాకాలి. మామూలు గిటారులో వేలు రెండు మెట్ల నడుమ నొక్కుతుంది. స్లైడ్ మాత్రం సరిగ్గా మెట్టు పైనే నిలవాలి. దాని వెనక మిగతా వేళ్లు తీగలను తేలిగ్గా తాకి ఉండకపోతే అనవసరపు రొద పుడుతుంది. కుడిచేతి బొటనవేలు మంద్రస్థాయి తీగల మీద తాళం ఆపకుండా కొడుతుంటే, చూపుడువేలు, మధ్యవేలు పైతీగల మీద పాట పలికిస్తాయి. బ్లూస్‌కు ప్రాణమైన స్వరం సాధారణ, అంతర గాంధారాల నడుమ ఎక్కడో ఉంటుంది. మెట్లు దాన్ని ఇవ్వవు, జారే గాజు ఇస్తుంది.

ఇక పాట కట్టుబడి. నాలుగేసి దెబ్బల ఆవర్తాలు పన్నెండు. పాదానికి నాలుగు ఆవర్తాల చొప్పున మూడు పాదాలు. మొదటి పాదం ఒక మాట చెబుతుంది. రెండోది దాన్నే తిరిగి చెబుతుంది, కింద ఆధారం మాత్రం మధ్యమానికి మారుతుంది. మూడోది జవాబిస్తుంది. ప్రతి పాదంలోనూ గొంతు సుమారు రెండు ఆవర్తాలే తీసుకుంటుంది. మిగిలిన ఖాళీలో గిటారు బదులు చెబుతుంది. పొలం పనిలో ఒకరు అంటే మిగతావారు అందుకునే పాటల వారసత్వం ఇది. సోలో అనే ఆశుభాగం ఈ బదులు నుంచే పెరుగుతుంది. ఫ్రెడ్ మెక్‌డోవెల్ వంటివారు ఒక్కోసారి చివరి మాటలు పాడకుండా వదిలేస్తారు, వాటిని గిటారు పూర్తి చేస్తుంది.

నేను మొదట చేసిన పొరపాటు మా పదో తరగతి పిల్లలు చేసేదే. ఒక రికార్డులోని సోలోను స్వరం స్వరం బట్టీపట్టాను. నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు మిత్రుల ముందు వాయిస్తూ ఆరో ఆవర్తంలో ఒక స్వరం మరిచిపోయాను. మొత్తం ఆగిపోయింది, బొటనవేలితో సహా. మొదటి మాట గుర్తురాక తెల్లకాగితం ఇచ్చిన కుర్రవాణ్ని ఆ ఏడాదే మందలించి ఉన్నాను.

అప్పుడు దారి మార్చాను. నెల రోజులు బొటనవేలొక్కటే, పక్కవారితో మాట్లాడుతున్నా అది ఆగకుండా ఉండేదాకా. తర్వాత మూడో తీగ మీద మూడే స్వరాలు: స, సాధారణ గాంధారం, మ. నోటితో ఒక పాదం పాడి, ఆ మూడింటితోనే బదులు చెప్పడం. రెండో పాదంలో ఆ బదులునే చివర మాత్రం మార్చడం. మూడోదాంట్లో ముగింపుకు తేవడం. ఇక్కడొక సంగతి బోధపడింది. మొదటి పాదంలో ఒరుసుకుంటూ వినిపించిన గాంధారం, ఆధారం మధ్యమానికి మారగానే ఒదిగిపోతుంది. స్వరం మారలేదు, కింద నేల మారింది. పునరుక్తిని మన లక్షణకారులు దోషమన్నారు. ఇక్కడ అదే అర్థాన్ని ముందుకు నడిపే సాధనం. 1926లో ‘ది వేరీ బ్లూస్’ సంపుటి వెలువరించిన లాంగ్‌స్టన్ హ్యూస్ ఈ కట్టుబడిని కవిత్వంలోకి తెచ్చుకున్నాడంటే ఆ బలం తెలిసే.

రాబర్ట్ జాన్సన్ (1911–1938) గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. అర్ధరాత్రి నాలుగు దారుల కూడలిలో సైతానుకు ఆత్మను అమ్ముకుని విద్య సంపాదించాడట. కుర్రతనంలో అతను గిటారు పడితే జనం విసుక్కునేవారనీ, కొంతకాలం కనిపించకుండా పోయి వచ్చేసరికి అందరినీ మించిపోయాడనీ సన్ హౌస్ చెప్పాడు. ఆ మధ్యకాలంలో జరిగింది ఇది: అతను ఐక్ జిమ్మర్మన్ అనే వాద్యకారుడి దగ్గర నేర్చుకున్నాడు. ఇద్దరూ రాత్రిళ్లు శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారని జిమ్మర్మన్ కుటుంబం వారు చెప్పారు. అక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు గదా! 1936, 1937లలో జాన్సన్ రికార్డు చేసిన 29 పాటల వెనక ఉన్నది ఆ సాధన.

సైతాను కథ ఆకర్షణీయమే. కాని అది గురువునూ చెరిపేస్తుంది, శ్రమనూ చెరిపేస్తుంది. ‘సంగీతం వాళ్ల రక్తంలోనే ఉంది’ అనే మెచ్చుకోలు చేసేదీ ఆ పనే. పత్తిచేనులో కష్టాన్ని దోచుకున్న సమాజానికి పాటలోని కష్టం కనబడకపోవడంలో వింత లేదు.

మరి మనమేం చేస్తున్నాం? ఒగ్గుకథ చెప్పేవారు సభను బట్టి అప్పటికప్పుడు మాట కలిపితే ‘సహజ ప్రతిభ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాం. అవధానిని మాత్రం గురువెవరు, ఏమేం చదివారు అని అడుగుతాం. ఆ ప్రశ్నే ఒగ్గుకథకులనూ అడగాలి. జానపద కళ మీద మన విమర్శ అక్కడ మొదలుకావాలి.

మొన్న వాయిస్తుంటే మళ్లీ స్వరం తప్పింది. బొటనవేలు మాత్రం ఆగలేదు. కవిత్వం నేర్పితే వస్తుందా అని అడిగే పిల్లలకు ‘పుట్టుకతో రావాలి’ అనడం మానేశాను. మొదటి పాదం నేనిస్తున్నాను. రెండో పాదంలో దాన్నే చివర మార్చి చెప్పమంటున్నాను.