కనుమ నాడు ఆవుకెంత పొంగలి?

రండర్రా, ఈ నులకమంచం మీద కూచోండి. బుజ్జీ, నువ్వా దుప్పటి నిండా కప్పుకో, మంచు దిగుతోంది. పొద్దున భోగిమంట ఆరినప్పటినుంచీ మీరిద్దరూ పెరడంతా తిరిగి నన్ను అడిగినవన్నీ గుర్తున్నాయి. కోళ్ళు గుడ్లెందుకు మానేశాయి, నాయనమ్మ పెరుగుకుండని గడ్డిలో ఎందుకు దాచింది, ఎదర మేత లేకపోయినా ఆవు ఏం నములుతోంది అని. అన్నీ ఒక్కచోటికే వస్తాయి. ఎల్లుండి కనుమ. ఆలోపే మీకిది చెప్పెయ్యాలి.

ఈ ఇంట్లో పండక్కి డబ్బు పెట్టి కొనేవి తక్కువ. బెల్లం, ఉప్పు, మీ కొత్త బట్టలు. బియ్యం మన చేలోవి, అరిసెల మీద అద్దే నువ్వులు మెరక చెక్కలోవి, నెయ్యి మన గేదెది. వడ్లు ఆడిస్తే వచ్చిన తౌడు, నువ్వులు ఆడిస్తే మిగిలిన తెలకపిండి మళ్ళీ ఆ గేదెకే. బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ కుడితి గోలెంలోకి. పేడ పొద్దున్నే గొబ్బెమ్మ, మర్నాటికి గోడమీద పిడక. ఒకరి మిగులు ఇంకొకరికి మేత. పొదుపంటే నాకు తెలిసింది ఇదే.

ముందు కోళ్ళ సంగతి. పెట్ట గుడ్డు పెట్టాలంటే దానికి గింజలొక్కటే చాలవురా చిన్నా, వెలుతురు కావాలి. రోజుకి పధ్నాలుగు గంటలన్నా వెలుతురుంటేనే బాగా పెడుతుంది. డిసెంబరులో మన వైపు పగలు పదకొండు గంటల పైచిలుకే. కోడి ఆ వెలుతురుని కళ్ళతోనే కాదు, పుర్రె గుండా కూడా పసిగడుతుంది. దాని మెదడు లోపలే వెలుతురు తెలిసే కణాలున్నాయి. పగలు కురచైందని అవి కబురు చెప్పగానే గుడ్ల పని ఆగుతుంది. కోళ్ళఫారాల్లో రాత్రిపూట దీపాలు వేసి ఉంచేది అందుకే. మనం దీపాలు పెట్టం. ఈ రెండు నెలలు దాన్ని తిని పడుకోనిస్తాం, మాఘమాసానికి అదే మొదలుపెడుతుంది.

సంక్రాంతికి సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని మీ బామ్మలూ నేనూ చెబుతూ వచ్చాం. లెక్క చూస్తే ఆ మలుపు డిసెంబరు 21, 22 తేదీల్లోనే అయిపోతుంది. సుమారు 1700 ఏళ్ళ కిందట మలుపూ పండగా ఒక్కసారే వచ్చేవి. భూమి ఇరుసు తిరిగే బొంగరంలా మెల్లగా ఊగుతూ ఉంటుంది కనక, రమారమి 72 ఏళ్ళకో రోజు చొప్పున రెంటికీ మధ్య ఎడం పెరిగింది. కోడికి మాత్రం ఆ డిసెంబరు మలుపే లెక్క.

ఇదే వెలుతురు గేదెకి ఇంకో కబురు చెబుతుంది. మన గేదెలు చాలావరకు పగలు తగ్గే రోజుల్లో ఎదకొస్తాయి. చూడి 310 రోజులు మొయ్యాలి, ఆవుకంటే దాదాపు నెల ఎక్కువ. అందుకే వానలు వెనకబట్టినప్పటినుంచి చలి ముదిరేదాకా ఈనికలు ఎక్కువ. పండక్కి గ్లాసులు నిండేది అందువల్ల. మొన్న మన గేదె ఈనినప్పుడు నాయనమ్మ మొదటి పాలు పిండనివ్వలేదని అలిగారు కదా? దూడ పుట్టేటప్పటికి దాని ఒంట్లో రోగాల్ని ఎదుర్కొనే సరంజామా దాదాపు ఏమీ ఉండదు. అదంతా మొదటి పాలలోనే వస్తుంది. మొదటి ఆరు గంటల్లో తాగితే అది పేగులోంచి నేరుగా నెత్తుట్లోకి చేరుతుంది. రోజు గడిచిందంటే పేగు ఇక దాన్ని లోపలికి రానివ్వదు. దూడ కడుపు నిండాక మిగిలిందే మన జున్ను. తోడు వెయ్యకుండానే జున్ను గట్టిపడుతుందెందుకని? ఆ రక్షణ ప్రోటీన్లే వేడికి కోడిగుడ్డు తెల్లసొనలాగా బిగుసుకుంటాయి. ఈ ఇంట్లో జున్ను కోసం ఏ దూడనీ ఇప్పటిదాకా పస్తుపెట్టలేదు.

ఇప్పుడు పెరుగుకుండ దగ్గరికి రండి. పొద్దున పాలు దాలిలో పెట్టడం చూశారు. పిడక మంటలా ఎగసి కాలదు, కుములుతుంది. పశువు అరిగించుకోలేక వదిలేసిన పీచు అందులో సన్నగా, గంటలకొద్దీ రాజుకుంటుంది. ఆ సెగకి పాలలోని చక్కెరా ప్రోటీనూ కలిసి ఎరుపు తిరుగుతాయి. మీరు వాసన చూసి 'చాక్లెట్టా తాతయ్యా' అన్నది దాన్నే. సాయంత్రానికి వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆరనిచ్చి నాయనమ్మ తోడు వేసింది. తోడంటే బతికున్న సూక్ష్మజీవులు. అవి పాలలోని చక్కెరని తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ పులుపుకి పాలలోని ప్రోటీను ముద్దకట్టి పెరుగవుతుంది. అయితే వాటికి నలభై డిగ్రీల వెచ్చదనం ఉంటేనే చురుకు. రాత్రి ఈ వసారాలో పద్దెనిమిదికి పడిపోతే అవి మునగదీసుకుంటాయి. ఎండుగడ్డి తనంతట వేడి పుట్టించదు. గడ్డిపోచ లోపలా, పోచకీ పోచకీ మధ్యా చిక్కుకున్న గాలి కుండలో ఉన్న వేడిని బయటికి పోనివ్వదు. మీ ఒంటిమీది దుప్పటి చేసే పనీ అదే. ఆ పులుపుని మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానితో పనుంది.

ఇక ఆవు. మనం గడ్డి తింటే అరగదు. నిజానికి ఆవుకీ అరగదు! గడ్డిలోని పీచుని విడగొట్టే సత్తా ఆవు ఒంట్లో లేదు. దాని పెద్దపొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులకి ఉంది. పెద్ద పశువు పొట్ట వంద లీటర్లకి పైనే పడుతుంది. ఆ ద్రవం ఒక్క మిల్లీలీటరు తీస్తే అందులో బాక్టీరియా వెయ్యి కోట్లకి తక్కువుండవు. మనం వేసే గడ్డి ముందు వాటికే భోజనం. అవి గడ్డిని పులియబెట్టి వదిలే ఆమ్లాలతోనే ఆవుకి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం వస్తుంది. ఆ పులవడంలో వేడి కూడా పుడుతుంది. చలికాలం తెల్లవారుజామున పశువుల కొట్టంలోకి అడుగుపెడితే వెచ్చగా తగిలేది అదే. నా చిన్నప్పుడు దూడపక్కన గోనెపట్టా పరుచుకుని పడుకునేవాణ్ణి.

మరి నమలడం ఎందుకు? మింగిన గడ్డిని పొట్ట మళ్ళీ నోట్లోకి పంపుతుంది. రోజులో ఏడెనిమిది గంటలు నెమరు వెయ్యడానికే సరి. గడ్డి మెత్తబడటం ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం ఉమ్మి. బాగా మేసే పెద్ద ఆవు రోజుకి వంద లీటర్ల ఉమ్మి మింగుతుంది. అందులో సోడా ఉంటుంది, నాయనమ్మ వంటింట్లో ఉండే తినేసోడా సరుకే. పొట్టలో పుట్టిన ఆమ్లాన్ని ఆ సోడా ఎప్పటికప్పుడు విరిచేస్తూ ఉంటుంది. గరుకైన గడ్డి ఉంటేనే నెమరు, నెమరుంటేనే ఉమ్మి, ఉమ్మి ఉంటేనే పొట్టలో ఆ కాపురాలన్నీ చల్లగా ఉండేది.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే, నిజమే. అందుకే కోతకి ముందే తడి చేలో జనుమో పిల్లిపెసరో చల్లుతాం. వేళ్ళ బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది, మొక్క పశువుకిస్తుంది. ఎరువు కొనక్కర్లేదు, నీళ్ళు పెట్టక్కర్లేదు. ఇప్పుడు మిషను కోతలొచ్చాక గడ్డి చేలోనే చెదిరిపోతోంది, దాన్ని ఏరి వాము వేసే ఓపిక లేక కొందరు నిప్పు పెడుతున్నారు. ఆ పొగ కనబడితే నాకు అన్నం సయించదు. చలికాలమంతా ఒక పశువుని నిలబెట్టే మేత అది.

మీ వయసప్పటి మాట చెబుతాను. మాకు గౌరి అని ఎర్రావు ఉండేది. ఆ ఏడు కనుమకి కడిగి, కొమ్ములకి రంగు వేసి, మెళ్ళో బంతిపూల దండ వేశాం. అమ్మ పళ్ళెంలో పొంగలి పెట్టింది. నేను ఇంకో పళ్ళెం తెచ్చాను. అక్క గారెలు పెట్టింది. ఇరుగుపొరుగు వాళ్ళు బొట్టు పెట్టడానికి వచ్చి, వాళ్ళవీ తినిపించారు. అది వద్దనకుండా అందరి చేతుల్లోదీ తింది. రాత్రికి నెమరు ఆపేసింది. పళ్ళు కొరకడం మొదలెట్టింది. ఎడమ డొక్క ఉబ్బింది. తెల్లారేసరికి పేడ నీళ్ళలా, పుల్లటి వాసనతో పడింది. లేపితే తూలింది. పశువుల డాక్టరుగారి కోసం పక్క ఊరికి మనిషిని పంపేసరికే ఆలస్యమైంది. మూడోనాడు పోయింది. మేమందరం చేసింది ప్రేమతోనే. దిష్టి తగిలిందన్నారు. నేను పెద్దయ్యి చదువుకున్నాక తెలిసింది, దిష్టి కాదు, అన్నం.

అన్నంలోది పిండిపదార్థం. గడ్డి పులవడానికి రోజు పట్టేచోట అది గంటల్లో పులుస్తుంది. పీచు తినే జీవులకి అది పనికిరాదు, పులుపు పుట్టించే జీవులకి పండగ. అవి ఒకటి రెండై, రెండు నాలుగై ముంచెత్తుతాయి. వదిలేది ఏమిటి? లాక్టిక్ ఆమ్లమే. బుజ్జీ, నాయనమ్మ కుండలో ఇప్పుడు జరుగుతున్నదే ఆ రాత్రి గౌరి కడుపులో జరిగింది. మెత్తటి పొంగలికి నెమరు అక్కర్లేదు, నెమరు లేకపోతే ఉమ్మి లేదు, విరిచే సోడా లేదు. పులుపు పెరిగేకొద్దీ గడ్డిని అరిగించే జీవులు చచ్చిపోతాయి, పొట్ట కదలడం మానేస్తుంది, ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేసుకుంటుంది, ఆమ్లం నెత్తుట్లో కలుస్తుంది. అన్నమే కాదు, నూక, పిండి, బెల్లం, పెళ్ళిలో మిగిలిన భోజనం, ఏదైనా అలవాటు లేని పశువు ఒక్కసారిగా మింగితే ఇంతే.

చిన్నా, రేపు పొద్దున నీకో పని. ఆవు ఎడమ డొక్కమీద అరచెయ్యి ఆనించి ఒక నిమిషం కదలకుండా నిలబడు. లోపల్నుంచి అల వచ్చి తోసినట్టు ఒకటి రెండుసార్లు తగులుతుంది. పొట్ట బాగుందని గుర్తు. కనుమ సాయంత్రం కూడా అలాగే చూడు. అల తగలకపోయినా, నెమరు ఆగినా, నేను నిద్రలో ఉన్నా సరే, లేపు. డాక్టరుగారి నంబరు వసారా గోడమీద రాసి ఉంది. వెంటనే వస్తే బతికించుకోవచ్చు.

ఎల్లుండి మీ ఇద్దరి చేతా తినిపిస్తాను, బెంగపడకండి. నీదో పిడికెడు, చెల్లాయిదో పిడికెడు, రెండే. బొట్టు పెట్టడానికి ఎవరొచ్చినా వాళ్ళ చేతికి పిల్లిపెసర పరక అందించండి, అది ఎంత పెట్టినా భయం లేదనుకోకుండా ఎండుగడ్డితో కలిపే పెట్టమనండి. ప్లాస్టిక్ దండలు వద్దు, నమిలి మింగితే పొట్టలోనే ఉండిపోతాయి. రేపు మీ స్నేహితుల ఇళ్ళకి అరిసెలు పట్టుకెళతారు కదా, పశువున్న ప్రతి ఇంట్లోనూ ఈ పిడికెడు మాట చెప్పి రండి. రేపే చెప్పాలి. ఎల్లుండి తెల్లారేసరికి అందరి పొయ్యిల మీదా పొంగలి ఉడికిపోతుంది.