ఇల్లు విడుచునప్పుడు ఏవి వెంట రావలెను?



శ్రీహరికోట అంతరిక్ష కేంద్రమున పనిచేయువారు అరువదవ ఏట ఉద్యోగ విరమణ చేసి, ప్రభుత్వ గృహమును అప్పగింతురు. పిల్లలు దూరదేశములందుండుటచే కొందరు దంపతులు సరాసరి వృద్ధాశ్రమములోని ఒకటి రెండు గదులకు మారుచున్నారు. ఆశ్రమమను మాటకు కించపడ నక్కరలేదు. మన పెద్దలు జీవితమునే నాలుగాశ్రమములుగా విభజించిరి గదా! అయితే ముప్పది యేండ్ల సామాను ఏమి కావలెను?

మనుస్మృతి ఆరవ అధ్యాయము దీనికి సమాధానము చెప్పుచున్నది. దేహమున ముడుతలు, తలపై నెరపు, మనుమని ముఖము చూచిన గృహస్థు సమస్త పరిచ్ఛదమును విడిచి వనమునకు పోవలెను. పరిచ్ఛదమనగా ఆవులు, గుఱ్ఱములు, పాన్పులు మొదలైనవి. కాని తరువాతి శ్లోకమే అగ్నిహోత్రమును, హోమసాధనములను వెంట గొనిపొమ్మనుచున్నది. ఇందలి సూక్ష్మము గమనింపుడు. నిర్ణయము వస్తువు వెలనుబట్టి కాదు, నిత్యకర్మను బట్టి. పంచపాత్ర, ఉద్ధరిణి, పారాయణ గ్రంథము, నిత్యము అర్చించు మూర్తి వెంట రావలెను. నూఱుమందికి వండిన గంగాళము రానక్కరలేదు. ఈ కేంద్రమువారికి నేను చెప్పవలెనా? పి.ఎస్.ఎల్.వి. రాకెట్టులలో పెద్దది నేల విడుచునప్పుడు సుమారు 320 టన్నులు; ధ్రువకక్ష్యకు అది చేర్చునది రెండు టన్నులకు లోపే. కాలి ఖాళీయైన అంచెను అది మోసికొని పోదు.

ఇచ్చు విధమును గూర్చి ఉపనిషత్తులు రెండు కథలు చెప్పినవి. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు గృహము విడువబోవుచు, తన ఆస్తిని భార్యలిరువురకు తానే పంచబూనెను. మైత్రేయి ధనము వలదని, అమృతత్వమునకు దారి చెప్పుమనెను. ఆయన నొచ్చుకొనలేదు సరికదా, మిక్కిలి సంతసించెను. మీ పిల్లలు టేకు బీరువా వలదన్నచో తల్లిదండ్రులనే వలదనిరని కుములవలదు. వారికేమి కావలెనో బ్రదికియుండగానే అడుగుడు. ఒకరికి తల్లి చేతి ఊరగాయ జాడీ చాలును.

రెండవది కఠోపనిషత్తు. వాజశ్రవసుడు పాలుడిగిన ముసలి ఆవులను దక్షిణగా నిచ్చుట చూచి నచికేతుని మనస్సు కలతపడెను. చిరిగిన పరుపు, పగిలిన కుర్చీ పేదవానికిచ్చి దానమనుకొనువారు ఈ ఘట్టమును తప్పక చదువవలెను. పనికివచ్చు స్థితిలో నున్నప్పుడే ఇయ్యవలెను. అలవిగాని దుప్పట్లు పదేండ్లు పెట్టెలో మ్రగ్గిన పిమ్మట ఎవరికి ఉపకరించును?

ఇక దేవుని గది. పటములను గుడిలోని రావిచెట్టు మొదట వదలిపోవుట సర్వత్ర కనబడుచున్నది. అది త్యాగము కాదు, బరువును దేవునిపై దించుట. పటమును విప్పి, గాజును, చట్రమును వేరుచేసి, కాగితమును శుచియైన చోట భూమిలో నుంచుట మేలని నా అభిప్రాయము. పులికాట్ సరస్సున పారవేయకుడు. అది పక్షులకు నెలవు, జాలరులకు జీవనాధారము. గాజుముక్క వల చించును, కాలు కోయును. సాలగ్రామమును నిత్యార్చన జరుగు ఇంటికే, వారి సమ్మతితో అప్పగింపవలెను.

తాతలనాటి తాళపత్రములున్న ఇండ్లు ఇంకను గలవు. వానిని పాతసామాను వానికి వేయకుడు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థ ఇట్టి గ్రంథములను భద్రపరచుచున్నది. కట్టు విప్పక, ఆకుల వరుస చెదరనీయక, ఏ ఊరిలో ఏ వంశమువారి యింట నుండినవో ఒక చీటీపై వ్రాసి జతచేసి అప్పగింపుడు.