వేషము - వర్గము

రాయలసీమలో 'వర్గము' అను మాట వినగానే పెద్దలు ఉలికిపడుదురు. ముఠా కక్షలవలన దిక్కులేనివైన కుటుంబములను మనమెరుగుదుము. అట్టి సీమలోని బాలురు నేడు సెల్‌ఫోను ఆటలలో కల్పితవేషములు దాల్చి, 'గిల్డు', 'క్లాను' అను జట్లలో చేరుచున్నారు. ఉపాధ్యాయుల కలవరము సహజమే. కాని వేషము కట్టుటకు జట్టులో చేరుట ఈ నేలకు క్రొత్త గాదు.

1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస సోదరులు 'కీచకవధ' నాటకమును ప్రదర్శించిరి. ఆనాడు పుట్టిన సమాజము కుటుంబములుగా, శాఖలుగా విస్తరిల్లినది. అందు పుట్టుకయే ప్రవేశము. పసితనముననే పాత్ర లభించును.

బళ్ళారి మార్గము వేరు. నేడు కర్ణాటకలోనున్న ఆ పట్టణము నాడు కడప, కర్నూలులతోపాటు దత్తమండలములలోనిది. అచట ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీసభ, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమసభ పోటీపడి నాటకములాడినవి. బళ్ళారి రాఘవ (1880-1946) ధర్మవరమువారి మేనల్లుడు. అయినను కోలాచలమువారి 'రామరాజు' నాటకములోని పఠానువేషము ఆయనకు విశేషకీర్తి నిచ్చినది. మేనమామ పక్షమను కట్టుబాటు ఆయన కళకు అడ్డుగాలేదు. ఆ పోటీవలన తెలుగు నాటకము లాభపడినది.

విద్యార్థి తాను చేరబోవు జట్టును ఈ కొలతతోనే చూడవలెను. అది ఏమి నేర్పును? ఎదిరిజట్టును గౌరవించునా? విడిచిపోవువానిని ద్రోహి యనునా? ఆట ముగిసిన పిదపగూడ పగను మోయుమను జట్టు, పేరేదైనను, ముఠాయే. చేరకముందే ఈ ప్రశ్నలు వేయుట బడిలోనే నేర్పవలెను. మన సీమ బడులలో మరింత శ్రద్ధతో నేర్పవలెను.